కాళ్ళ మీద నరాలు ఉబ్బితే

పొద్దు గూకే వేళకు మీ కాళ్ళు బరువెక్కుతున్నాయా? పిక్కలు లాగుతున్నాయా? పొద్దున లేచినప్పుడు బాగానే ఉండి, సాయంత్రానికి చీలమండల దగ్గర వాపు వస్తోందా? అయితే ఒకసారి వెలుతురులో నిలబడండి. చీర కొంచెం పైకి ఎత్తి కాళ్ళు చూసుకోండి. పిక్క మీద, మోకాలి వెనక, తొడ లోపలి వైపు చూడండి. వెనక వైపు మీకు కనబడదు. కూతురినో, తోటికోడలినో చూడమనండి.

నీలంగా, వంకరటింకరగా, పేనిన తాడులాగా ఉబ్బిన గీతలు కనిపిస్తాయి కొందరికి. నిలబడితే ఉబ్బుతాయి. పడుకుని కాళ్ళు పైకి పెడితే తగ్గిపోతాయి. వీటినే మనం "నరాలు తేలాయి" అంటాం. డాక్టర్లు వెరికోస్ వెయిన్స్ అంటారు. నిజానికి ఇవి నరాలు కావు. రక్తం పారే గొట్టాలు. చెడు రక్తాన్ని కాళ్ళ నుంచి గుండెకు తీసుకుపోయే గొట్టాలు. అయినా ఊళ్ళో అందరూ నరాలనే అంటారు కాబట్టి మనమూ ఇక్కడ నరాలనే అనుకుందాం.

"చెడు రక్తం" అంటే కుళ్ళిన రక్తం కాదు. విషమూ కాదు. ఒళ్ళంతా తిరిగి, ప్రాణవాయువు ఖర్చయిపోయిన రక్తం. అది మళ్ళీ గుండెకు, ఊపిరితిత్తులకు పోయి మంచిది అవుతుంది. ఇది ముందే ఎందుకు చెబుతున్నామంటే, "చెడు రక్తం తీసేస్తాను" అని బ్లేడుతో గాట్లు పెట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ దగ్గరికి పోకండి. గాటు పెడితే రక్తం ధారగా కారుతుంది. చీము పడుతుంది. జబ్బు మాత్రం పోదు.

ఎందుకు ఉబ్బుతాయి?

బావిలో మోటారు చూశారు కదా. పైపు అడుగున ఫుట్‌వాల్వు ఉంటుంది. నీళ్ళు పైకి వస్తాయి గానీ తిరిగి కిందికి జారవు. ఫుట్‌వాల్వు పాడయితే ఏమవుతుంది? మోటారు ఆపగానే పైపులో నీళ్ళన్నీ బావిలోకి దిగిపోతాయి.

మన కాళ్ళలో కూడా అంతే. రక్తం గుండె నుంచి కాళ్ళకు దిగడం తేలిక. కాళ్ళ నుంచి గుండెకు ఎక్కడం కష్టం. అందుకని ఈ గొట్టాల లోపల అక్కడక్కడా చిన్న చిన్న తలుపులు ఉంటాయి. రక్తం పైకి పోయేటప్పుడు తెరుచుకుంటాయి. కిందికి జారబోతే మూసుకుంటాయి. మరి పైకి తోసే మోటారు ఏది? మన పిక్క. నడిచినప్పుడల్లా పిక్క బిగుస్తుంది, వదులవుతుంది. ఆ నొక్కుడుకే రక్తం పైకి పోతుంది.

తలుపులు వదులైపోతే రక్తం వెనక్కి జారుతుంది. గొట్టంలో నిలిచిపోతుంది. గొట్టం సాగుతుంది, వంకరలు తిరుగుతుంది. అదే ఈ ఉబ్బు.

ఇది ఎవరికి ఎక్కువ? గంటల కొద్దీ కదలకుండా నిలబడేవాళ్ళకు. బట్టల కొట్లో పనిచేసే ఆడపిల్లకు, హోటల్లో దోసెలు పోసే ఆమెకు, బడిలో వంట వండే అక్కకు, ఇస్త్రీ చేసేవాళ్ళకు. అమ్మకో నాన్నకో ఉంటే పిల్లలకు వచ్చే వీలు ఎక్కువ. ఒళ్ళు బరువు పెరిగినా, వయసు పెరిగినా వస్తుంది. మగవాళ్ళకూ వస్తుంది. కానీ ఆడవాళ్ళకు కాన్పులు ఉన్నాయి కదా. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం పెరుగుతుంది. గొట్టాల గోడలు మెత్తబడతాయి. పెరిగే కడుపు, కాళ్ళ నుంచి వచ్చే రక్తానికి అడ్డు పడుతుంది. ఒక్కో కాన్పుకు ఈ ఉబ్బు కొంచెం కొంచెం పెరగవచ్చు.

"పిల్లల ఆపరేషన్ చేయించుకున్నాకే నాకు నరాలు తేలాయి" అని చాలామంది అంటారు. ఆ ఆపరేషన్‌కూ దీనికీ సంబంధం లేదు. అంతకు ముందు అయిన కాన్పులే కారణం. ఆపరేషన్ ఆ తర్వాత జరిగింది గనుక నింద దాని మీద పడింది.

ఇంకో మాట. కడుపుతో ఉన్నప్పుడు కొందరికి మర్మస్థానం దగ్గర కూడా నరాలు ఉబ్బుతాయి. బరువుగా, నొప్పిగా ఉంటుంది. సిగ్గుపడి ఎవరికీ చెప్పరు. ఏదో పాడు జబ్బు అనుకుని లోలోపల కుమిలిపోతారు. అది పాడు జబ్బు కాదు. కాన్పు అయ్యాక చాలావరకు దానంతట అదే తగ్గుతుంది. నర్సమ్మకు చెప్పండి. ఆమె ఇలాంటివి ఎన్నో చూసి ఉంటుంది.

ఇది ప్రమాదమా?

చాలామందికి కాదు. సన్నని ఎర్రని, నీలి గీతలు సాలెగూడులా కనిపిస్తే వాటి వల్ల ఏ ముప్పూ లేదు. ఉబ్బు నరాలు ఉండి, నొప్పీ వాపూ లేకుండా ఏళ్ళ తరబడి గడిపేవాళ్ళు ఎంతోమంది. చూడ్డానికి బాగుండవు, అంతే.

కానీ కొందరికి అది అక్కడితో ఆగదు. మొదట సాయంత్రం బరువు. తర్వాత వాపు. తర్వాత దురద. ఆ తర్వాత చీలమండ పైన, లోపలి వైపు చర్మం గోధుమ రంగుకు, నలుపుకు తిరుగుతుంది. తాకితే గట్టిగా ఉంటుంది. ఇక్కడ మనం జాగ్రత్త పడాలి. చర్మం రంగు మారిందంటే, లోపల రక్తం ఒత్తిడి చాలా కాలంగా ఉందని అర్థం. అక్కడే రేపు పుండు పడేది. గోకినా చాలు, ముల్లు గీసుకున్నా చాలు. ఆ పుండు నెలల తరబడి మానదు. మానినా మళ్ళీ లేస్తుంది. పుండుతో కూలికి పోలేం. వంట దగ్గర నిలబడలేం. వాసన వస్తుందని పెళ్ళికీ పేరంటానికీ పోవడం మానేసినవాళ్ళు ఉన్నారు.

కొందరు పుండు మీద బూడిద, పసరు, సున్నం పెడతారు. అవి పెట్టవద్దు. కాచి చల్లార్చిన నీళ్ళతో కడగండి. ఉతికి ఆరేసిన శుభ్రమైన గుడ్డ కప్పండి. ఆసుపత్రికి వెళ్ళండి. ఈ పుండుకు అసలు మందు పైపూత కాదు. కాలి వేళ్ళ నుంచి మోకాలి దాకా సరిగ్గా వేసిన బిగువు కట్టు.

వెంటనే పోవలసిన వేళలు

కొన్నిటికి రేపు అనకూడదు.

ఉబ్బిన నరం పగిలి రక్తం చిమ్మితే భయపడకండి. నిలబడి ఉండకండి. వెంటనే పడుకోండి. కాలు గుండె కంటే ఎత్తుగా పెట్టండి. శుభ్రమైన గుడ్డ మడిచి, కారేచోట గట్టిగా నొక్కండి. పది నిమిషాలు నొక్కే ఉంచాలి. ఆగిందా లేదా అని మాటిమాటికీ తీసి చూడకూడదు. పైన తాడు బిగించి కట్టకూడదు. 108కి ఫోన్ చేయించండి. పెద్దవాళ్ళు ఒంటరిగా ఉన్నప్పుడు, ఏం చెయ్యాలో తెలియక రక్తం పోగొట్టుకుంటారు. కాలు ఎత్తి నొక్కడం అనే ఈ ఒక్క పని ప్రాణం కాపాడుతుంది. ఇంట్లో అందరికీ నేర్పండి.

ఒక కాలు ఉన్నట్టుండి పిక్క దగ్గర వాచి, నొప్పి పుడితే ఆ రోజే పోవాలి. లోపలి పెద్ద గొట్టంలో రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు. బాలింతలకు ఈ ముప్పు మామూలువాళ్ళ కంటే ఎక్కువ. బాలింత కాలు వాచడం మామూలే అని వదిలెయ్యకండి. దానితో పాటు ఆయాసం, గుండెలో పోటు వస్తే ఇక క్షణం ఆగవద్దు. గడ్డ కదిలి ఊపిరితిత్తులకు పోతే ప్రాణం మీదికి వస్తుంది. ఇలాంటి కాలును నూనె పెట్టి మర్దన చెయ్యకూడదు.

పైకి తేలిన నరం ఎర్రబడి, తాడులా గట్టిపడి, వేడిగా నొప్పిగా ఉన్నా ఒకటి రెండు రోజుల్లో చూపించాలి. రెండు వారాలైనా మానని పుండును కూడా అంతే.

చర్మం నల్లబడినవాళ్ళు, రోజూ వాపు, నొప్పి ఉన్నవాళ్ళు తీరిక చూసుకుని ఒకసారి డాక్టరుకు చూపించుకోవాలి. తీరిక అంటే ఏళ్ళు కాదు. ఈ పంటకు కాకపోతే ఈ పంట అయ్యాక.

ఇంట్లో ఏం చెయ్యాలి?

నడవండి. ఇదే మొదటి మందు. నిలబడే పని అయితే మధ్య మధ్యలో మడమలు ఎత్తి దించండి. పదిసార్లు, ఇరవైసార్లు. పిక్క అనే మోటారు ఆడుతుంది. కూర్చునే పని అయితే, బీడీలు చుట్టినా, మిషను కుట్టినా, అరగంటకోసారి లేచి నాలుగు అడుగులు వెయ్యండి. మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడు కాళ్ళ కింద రెండు దిండ్లు పెట్టుకోండి. "కోడలు కాళ్ళు ఎత్తి పడుకుంది" అని ఎవరైనా అంటే, ఇది డాక్టరు చెప్పిన వైద్యం అని చెప్పండి.

డాక్టర్లు బిగువు మేజోళ్ళు రాస్తారు. చీలమండ దగ్గర ఎక్కువ బిగువు, పైకి పోను పోను తక్కువ బిగువు ఉంటుంది. కాలి కొలత పొద్దున్నే, వాపు లేనప్పుడు ఇవ్వాలి. మంచం దిగకముందే తొడగాలి. రాత్రి పడుకునేటప్పుడు తీసెయ్యాలి. పట్టీలు, కడియాలు తీసి తొడుక్కోండి. కడుపుతో ఉన్నవాళ్ళకు ఇవి బాగా పనికొస్తాయి.

అయితే అందరూ సొంతంగా కొని తొడగరాదు. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు, ఏళ్ళ తరబడి చుట్ట తాగినవాళ్ళకు కాళ్ళలోకి దిగే మంచి రక్తమే తగ్గి ఉండవచ్చు. ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగే అవ్వలకు ఈ మాట ముఖ్యంగా చెప్పాలి. అలాంటి కాలును బిగిస్తే ఉన్న రక్తం కూడా ఆగిపోతుంది. ముందు డాక్టరు పాదం మీద నాడి చూడాలి.

ఈ మేజోళ్ళు వాపును, నొప్పిని అదుపులో పెడతాయి. పాడైన తలుపును బాగు చెయ్యవు. మాత్రలూ అంతే, పూతలూ అంతే. నరాలు మాయం చేస్తామని అమ్మే నూనెల మీద డబ్బు తగలెయ్యకండి.

ఆసుపత్రిలో ఏం చేస్తారు?

మొదట డాప్లర్ స్కాన్ తీస్తారు. కడుపుతో ఉన్నప్పుడు తీసే స్కాన్ లాంటిదే. జెల్లీ రాసి పైపైన రాస్తూ చూస్తారు. నొప్పి ఉండదు. ఏ తలుపు పాడైందో, లోపలి పెద్ద గొట్టాలు బాగున్నాయో లేదో అందులో తెలుస్తుంది. ఈ స్కాన్ లేకుండా ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు.

వైద్యం మూడు నాలుగు రకాలు. పాత పద్ధతిలో నడుముకు మత్తు సూది ఇచ్చి, గజ్జ దగ్గర చిన్న కోత పెట్టి పాడైన నరాన్ని బయటికి లాగేస్తారు. 1990ల చివర కొత్త పద్ధతులు వచ్చాయి. మోకాలి దగ్గర సూది గుచ్చి, సన్నని తీగ లోపలికి పంపి, లేజరు వేడితోనో రేడియో తరంగాల వేడితోనో నరాన్ని లోపలే మూసేస్తారు. కాలి వరకే మత్తు ఇస్తారు. సాధారణంగా ఆ రోజే ఇంటికి పంపేస్తారు. ఇంకొకటి, నురగలాంటి మందును సూదితో ఎక్కించి నరాన్ని మూయడం. జిగురు పెట్టి అంటించే పద్ధతి కూడా ఉంది.

ఇంగ్లండులో ప్రభుత్వ వైద్య సలహా సంస్థ 2013లో ఒక వరస చెప్పింది. నరం తీరు దానికి సరిపోతే మొదట వేడితో మూయడం. కుదరకపోతే నురగ మందు. అదీ కుదరకపోతే కోత ఆపరేషన్. మన దగ్గర అన్నిచోట్లా అన్నీ ఉండవు. కొత్తది లేదని పాతదాన్ని వదులుకోనక్కరలేదు. పాత ఆపరేషన్ కూడా బాగా పనిచేస్తుంది. కాకపోతే విశ్రాంతి ఎక్కువ రోజులు కావాలి.

"నరం మూసేస్తే రక్తం ఎటు పోతుంది?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. కాలి రక్తంలో పది పాళ్ళలో తొమ్మిది పాళ్ళు లోపలి పెద్ద గొట్టాల్లోనే పోతుంది. పైన తేలిన నరం పిల్ల కాలువ లాంటిది. అది మూసినా పెద్ద కాలువ పారుతూనే ఉంటుంది. అందుకే పెద్ద కాలువ బాగుందో లేదో ముందు స్కాన్‌లో చూసేది. "కాలు చచ్చుబడిపోతుంది" అనే భయం కూడా అక్కరలేదు. కమిలినట్టు మచ్చలు, కొన్నాళ్ళు మంట ఉంటాయి. కొందరికి అక్కడక్కడా తిమ్మిరి ఉంటుంది. గడ్డ కట్టడం, చీము పట్టడం అరుదు.

రెండువేల ఏళ్ళకు పైబడిన మాట ఒకటి చెబుతారు. రోము దేశంలో మారియస్ అని ఒక సేనాపతి. రెండు కాళ్ళ నిండా ఉబ్బు నరాలు. అప్పట్లో మత్తు మందు లేదు. ఒక కాలు కోయించుకున్నాడు. కట్టెయ్యకుండానే, మూలగకుండా ఓర్చుకున్నాడు. రెండో కాలు చాపమంటే మాత్రం వద్దన్నాడు. అంత నొప్పికి ఆ ఫలం చాలదన్నాడు. యుద్ధాలు చేసినవాడే అలా అన్నాడు. ఇప్పుడు మనకు ఆ బాధ లేదు. మత్తు ఉంది.

ఎప్పుడు చేయించుకోవాలి?

అసలు చిక్కు ఇక్కడే. "నేను మంచం ఎక్కితే ఇల్లు ఎవరు చూస్తారు?" అని ప్రతి తల్లీ అంటుంది. ఏడాది తర్వాత ఏడాది వాయిదా వేస్తుంది.

కడుపుతో ఉన్నప్పుడు సాధారణంగా చెయ్యరు. మేజోళ్ళతో నెట్టుకురావాలి. కాన్పు అయ్యాక 3, 4 నెలల్లో చాలామందికి ఉబ్బు తగ్గుతుంది. అప్పుడు మిగిలినదాన్ని చూసి నిర్ణయం చేస్తారు. పాలిచ్చే తల్లి అయితే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. త్వరలో ఇంకో బిడ్డ కావాలనుకుంటే, బాధ తక్కువైతే, ఆ కాన్పు కూడా అయ్యేదాకా ఆగవచ్చు. కొత్త కాన్పుకు కొత్త నరాలు ఉబ్బవచ్చు కదా. గర్భం రాకుండా మాత్రలు వేసుకుంటున్నా, ఇంతకుముందు కాలిలో రక్తం గడ్డ కట్టి ఉన్నా, దాచకుండా చెప్పండి.

నొప్పి, వాపు ఉండి పుండు లేనివాళ్ళకు తొందర లేదు. కాలం చూసుకోవచ్చు. నాట్లకూ కోతలకూ మధ్య తీరిక ఉంటుంది. వేడితో మూసినవాళ్ళు కొన్ని రోజుల్లో పనిలోకి పోతారు. కోత ఆపరేషన్ అయితే 2, 3 వారాలు కావాలి. గాటు పూర్తిగా మానేదాకా బురద మడిలో దిగకూడదు. మన ఎండలు కూడా లెక్క చూసుకోవాలి. ఆపరేషన్ తర్వాత కొన్నాళ్ళు కట్టో మేజోడో ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో అది నరకం. చలికాలం మేలు. పిల్లల పరీక్షలు, అమ్మాయి పెళ్ళి, అన్నీ చూసుకోండి. కానీ ఒక నెల పేరు చెప్పి ఖాయం చేసుకోండి. "చూద్దాంలే" అంటే ఏ నెలా రాదు.

పుండు పడ్డవాళ్ళ లెక్క వేరు. పుండు మానాక ఆపరేషన్ చేద్దాం అని ఇదివరకు ఆగేవారు. బ్రిటన్‌లో 450 మంది రోగులను రెండు జట్లుగా చేసి చూశారు. అందరికీ బిగువు కట్లు కట్టారు. ఒక జట్టుకు 2 వారాల లోపే నరం మూసేశారు. రెండో జట్టుకు పుండు మానేదాకా, లేదా 6 నెలలదాకా ఆగారు. ముందు చేసినవాళ్ళలో సగం మందికి 56 రోజుల్లో పుండు మానింది. ఆగినవాళ్ళలో సగం మందికి మానడానికి 82 రోజులు పట్టింది. ఈ సంగతి 2018లో బయటపెట్టారు. దాదాపు నెల తేడా. కూలి లెక్కన చూస్తే నెల రోజుల కూలి. కాబట్టి పుండు ఉంటే పంట, పెళ్ళి అని చూడకండి.

ఖర్చు సంగతి ముందే తేల్చుకోండి. ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో, మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సర్జన్లు ఉంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.ఆర్. వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ ఉన్నాయి. మీ జబ్బుకు, మీరు కోరే పద్ధతికి అందులో డబ్బు వస్తుందా అని ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి. సంతకం పెట్టే కాగితం చదవండి. ఇప్పుడు మనకు చదువు వచ్చు. ఏ కాలికి చేస్తున్నారో, ఏ పద్ధతో అందులో రాసి ఉంటుంది.

చేయించుకున్నాక మంచం పట్టుకుని ఉండకూడదు. డాక్టరు లేపినప్పుడు లేచి, ఆ రోజే కొంచెం కొంచెం నడవాలి. నడిస్తే రక్తం గడ్డ కట్టదు. కొన్ని వారాలు దూరపు బస్సు ప్రయాణాలు వద్దు. కొందరికి కొన్నేళ్ళకు వేరే చోట మళ్ళీ నరాలు తేలవచ్చు. వైద్యం చెడిందని కాదు, తలుపులు ఇంకోచోట వదులయ్యాయని. మళ్ళీ చూపించుకోవాలి.

నిలబడే కొలువు మారకపోతే కాలికి తెరిపి ఉండదు. కేరళలో కోళికోడ్ పట్టణంలో కొట్లలో పనిచేసే ఆడవాళ్ళు దీని మీద ఏళ్ళ తరబడి పోరాడారు. పొద్దంతా కూర్చోనివ్వరు, కాళ్ళు వాచిపోతున్నాయి, నరాలు తేలుతున్నాయి అని గొంతెత్తారు. 2018లో ఆ రాష్ట్రం చట్టం మార్చింది. కొట్లో పనిచేసేవాళ్ళకు కూర్చోడానికి ఏర్పాటు ఉండాలన్నది. 2021లో తమిళనాడు కూడా అలాంటి చట్టం చేసింది. మన కొట్లో, మన వంటశాలలో ఒక స్టూలు అడగడానికి నలుగురం కలిసి పోతే చాలు.